వడ్రంగి షాపులో దుమ్ము గొట్టాలు బిగించే పద్ధతి

కలప కోసే చోట పనిచేసే సోదరులు దగ్గు, ఆయాసంతో మా దగ్గరకు వచ్చినప్పుడు మేము ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "సెలవు రోజున మీకు ఎలా ఉంటుంది?" ఆదివారం తేలికగా ఉండి, సోమవారం సాయంత్రానికి మళ్లీ ఛాతీ పట్టేసినట్టు ఉంటే, ఆ ఆయాసానికి షాపులోని దుమ్ము కారణమేమోనని అనుమానించాలి. ఇన్‌హేలర్ ఉపశమనం ఇస్తుంది. కానీ రోజంతా అదే దుమ్ము పీల్చే మనిషిని మందు ఎంతకాలం కాపాడుతుంది? అందుకే ఈసారి పాఠంలో మందుల గురించి కాక రేకు గొట్టాల గురించి రాస్తున్నాము. ఆరోగ్య పత్రికలో ఇదేమిటని నవ్వుకోకుండా చదవండి.

ఇంగ్లండులోని హై వికమ్ పట్టణం కుర్చీల తయారీకి పేరు పొందింది. 1960ల్లో అక్కడి చెవి, ముక్కు, గొంతు వైద్యురాలు ఎస్మే హ్యాడ్‌ఫీల్డ్, ముక్కులో వచ్చే ఒక అరుదైన క్యాన్సర్ ఫర్నిచర్ పనివారిలోనే ఎక్కువగా కనిపిస్తోందని గమనించారు. ఆమె, డొనాల్డ్ అచెసన్, మరికొందరు వైద్యులు కలిసి 1968లో ఆ సంగతి ప్రచురించారు. 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క దుమ్మును మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది. ఇది అరుదైన జబ్బే, భయపడనక్కరలేదు. మనం తరచుగా చూసేవి ఉబ్బసం, ముక్కు దిబ్బడ, కళ్ల మంట, చర్మం మీద దురద. టేకు, జిట్రేగి దుమ్ము కొందరికి ఒంటిమీద దద్దుర్లు తెస్తుంది.

కాళ్ల కింద కుప్పపడే పొట్టు కంటికి కనబడుతుంది కాబట్టి దాన్ని ఊడుస్తాము. ఊపిరితిత్తుల లోపలి దాకా పోయేది 10 మైక్రాన్ల కన్నా సన్నని దుమ్ము. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుందంటే ఈ దుమ్ము ఎంత సన్ననిదో చూడండి. అది గాలిలో గంటల తరబడి తేలుతుంది. గాలిలో కలిసిన తరువాత దాన్ని పట్టడం కష్టం, రంపం దగ్గరే లాగేయాలి.

ఇప్పుడు చాలా షాపుల్లో దుమ్ము లాగే బ్లోయరు, దానికి సంచి ఉంటున్నాయి. యంత్రం ఉంది కదా అని యజమాని ధీమాగా ఉంటాడు. దాన్ని రంపానికి, చిత్రిక మెషీనుకు కలిపే గొట్టాలు మాత్రం చేతికి దొరికినట్టు తగిలించి ఉంటాయి. మా దృష్టిలో సగం డబ్బు అక్కడే వృథా అవుతోంది.

గొట్టం సైజుతో మొదలుపెడదాం. చెక్క పొట్టు దారిలో పడిపోకుండా సాగాలంటే గాలి నిమిషానికి దాదాపు 4000 అడుగుల వేగంతో పోవాలి. ఆ వేగంలో 4 అంగుళాల గొట్టం నిమిషానికి సుమారు 350 ఘనపుటడుగుల గాలిని, 6 అంగుళాల గొట్టం సుమారు 785 ఘనపుటడుగుల గాలిని మోస్తాయి. పెద్ద గొట్టం వేస్తే ఎక్కువ లాగుతుందని చాలామంది అనుకుంటారు. ఒక్క 4 అంగుళాల నోటి నుంచి వచ్చే 350 ఘనపుటడుగుల గాలినే 6 అంగుళాల గొట్టంలోకి పంపితే వేగం 1800 అడుగుల లోపుకు పడిపోతుంది. పొట్టు గొట్టం అడుగున పేరుకుంటుంది. అలాంటి చోట రెండు నోళ్లు తెరిచి ఉంచితే వేగం మళ్లీ 3500 దాటుతుంది, అదీ ఆ బ్లోయరుకు అంత గాలి లాగే శక్తి ఉంటేనే.

ఇక అతుకులు. జి.ఐ. రేకు గొట్టానికి ఒక కొన నొక్కులు పెట్టి కాస్త సన్నగా ఉంటుంది. ఆ కొన ఎప్పుడూ బ్లోయరు వైపు చూడాలి, అంటే గాలి పోయే దిక్కుకు. ఇల్లు పెంకులు నేసేవారు పై పెంకు అంచు కింది పెంకు మీదికి వచ్చేలా వేస్తారు కదా, నీరు ఎక్కడా అంచుకు తగలదు. ఇదీ అంతే. తిరగేసి బిగిస్తే ప్రతి అతుకు దగ్గరా రేకు అంచు పొట్టుకు అడ్డం నిలుస్తుంది.

అతుకుకు మూడు పొట్టి స్క్రూలు గాని పాప్ రివెట్లు గాని చాలు. పొడవు స్క్రూ మొన లోపలికి పొడుచుకొస్తే చిత్రిక పొట్టు దానికి చిక్కుకొని ఉండ కడుతుంది. అతుకు చుట్టూ సిలికాన్ పూసి, పైన అల్యూమినియం టేపు చుట్టండి. గుడ్డ టేపు కొన్నాళ్లకు జిగురు ఎండి ఊడిపోతుంది. ఈ గొట్టాలు గాలిని లోపలికి లాగేవి కాబట్టి అతుకు వదులైనా దుమ్ము బయటికి రాలదు, అందుకే లోపం తెలియదు. బ్లోయరు ఆన్ చేసి అతుకు దగ్గర సన్నని కాగితం ముక్క పట్టండి. కాగితం అతుక్కుంటే అక్కడ గాలి దొంగ ఉన్నట్టే. అగరుబత్తి పొగతో చూడాలని కొందరికి తోస్తుంది. చెక్క దుమ్ము దగ్గర నిప్పు వద్దు, బీడీ అసలే వద్దు.

కొమ్మ గొట్టం ప్రధాన గొట్టంలో నిలువు టీలా కాకుండా ఏటవాలుగా, 'వై' ఆకారంలో, గాలి పోయే దిక్కుకే కలవాలి. మలుపులు నిదానంగా తిరగాలి. బ్లోయరు నోటి దగ్గరే మలుపు పెట్టకండి, అక్కడ కొంత దూరం తిన్నగా ఉండాలి. మెషీను కదిలే చోట మెత్తని గొట్టం తప్పదు గాని, దాని ముడతలు గాలిని బాగా ఆపుతాయి, అందుచేత రెండు మూడు అడుగులు మించనివ్వకండి. వాడని మెషీను గేటు మూయండి. అన్ని గేట్లూ ఒకేసారి మూస్తే మాత్రం బలమైన బ్లోయరు పలుచని రేకు గొట్టాన్ని నొక్కేయగలదు. గేజి నంబరు పెరిగేకొద్దీ రేకు పలుచన అవుతుందని గుర్తుంచుకొని, ఏసీ గొట్టాల పలుచని రేకు కాకుండా 24 గేజి అడగండి.

పొట్టు రాపిడికి గొట్టంలో స్థిర విద్యుత్తు పుడుతుంది. రేకు గొట్టాన్ని ఎర్త్ చేస్తే అది పోతుంది. మెత్తని గొట్టం ఉన్న చోట ఆ దారి తెగుతుంది గనుక దాని లోపలి ఇనుప తీగను రెండు వైపులా రేకుకు కలపాలి. గొట్టం తగిలి షాక్ కొడితే ఉలిక్కిపడిన చేయి తిరిగే రంపం మీద పడవచ్చు. మేకులు, స్క్రూలు గొట్టంలోకి పోనివ్వకండి. బ్లోయరు రెక్కకు తగిలి నిప్పురవ్వ లేస్తే సంచిలోని పొట్టు అంటుకుంటుంది.

ఆ సంచి బట్ట పలుచనిదైతే సన్నని దుమ్ము తిరిగి షాపులోకే వస్తుంది. వీలైతే బ్లోయరును, సంచిని గోడ బయట నీడన పెట్టండి. సంచిని షాపులో దులపకండి. అది దులిపే పని కుర్రవాళ్లకు అప్పగించడం చాలాచోట్ల చూస్తున్నాము, దయచేసి మానండి. దులిపేవారు ఎన్-95 మాస్కు పెట్టుకోవాలి, చేతిరుమాలు సన్నని దుమ్మును ఆపదు.

ఇంత చేసినా ఆయాసం తగ్గకపోతే, ముక్కు ఒకే పక్క వారాల తరబడి మూసుకుపోతున్నా, ముక్కు నుంచి రక్తం పడుతున్నా ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించుకోండి. వచ్చేటప్పుడు ఏ కలప కోస్తున్నారు, ఏ జిగురు, ఏ పాలిష్ వాడుతున్నారు, ఎన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నారు అన్నవి ఒక కాగితం మీద రాసి తీసుకురండి.