తడవు చేయక బయలుదేరుడి

పాఠ్యభాగములు: ఆదికాండము 19:12–22; అపొస్తలుల కార్యములు 27:27–44



నంద్యాల ప్రక్కన కుందూ, మద్దిలేరు, ఆళ్లగడ్డ తట్టున వక్కిలేరు పారుచున్నవి. సాధారణ దినములలో వాటివలన మనకు భయము లేదు. అయితే నల్లమల కొండలలో పెద్దవాన కురిసినయెడల వాగులు కొద్ది గంటలలోనే పొంగి వచ్చును. 2019 సెప్టెంబరులో ఈ ప్రాంతమంతట కుండపోతగా కురిసినప్పుడు కుందూ పొంగెను, మహానంది ఆలయ ఆవరణము సహా నీట మునిగెను. 2009 అక్టోబరులో కర్నూలు పట్టణమునకు కలిగిన నష్టమును మనము మరువలేదు.

1. ఆలస్యమే అపాయము. కీడు వచ్చుచున్నదని లోతు చెప్పగా అతని అల్లుళ్లు వేళాకోళమనుకొని ఉండిపోయిరి. లోతు సహా జాగు చేసెను. దేవదూతలు వారి చేతులు పట్టుకొని వెలుపలికి నడిపింపవలసి వచ్చెను. మనమును ఇల్లనియు, గొడ్లనియు, ధాన్యమనియు నిలిచిపోవుదుము. కొందరు, "దేవుడు కాపాడును, మేము కదలము" అందురు. ఇది విశ్వాసమా? దేవాలయ శిఖరమునుండి దుముకుమని సాతాను అడిగినప్పుడు మన ప్రభువు దేవుని శోధింప నొల్లలేదు. తలుపు తట్టి "లెండి, రండి" అని పిలుచు అధికారి, పొరుగువాడు, వీరే దేవుడు మనకు చాచిన చెయ్యి కావచ్చును.

2. దగ్గర మెరక చాలును. దూరపు కొండకు పోలేనని లోతు మొరపెట్టగా సోయరు అను చిన్న ఊరికి పోవుటకు సెలవాయెను. మనమును పొంగుచున్న వాగు దాటి దూరము పోనక్కరలేదు. పారుచున్న నీరు అర అడుగు లోతున్నను మనిషిని పడద్రోయగలదు. రెండడుగులైనచో కారును కొట్టుకొనిపోవును. కాబట్టి కాజ్‌వే మీద నీరు పారునప్పుడు మోటారు సైకిలుతో సాహసింపరాదు. నీరు ఇంట చొరకముందే మెయిను స్విచ్చి, గ్యాసు ఆపి, పశువుల పలుపులు విప్పి, మందులు, ముఖ్యమైన కాగితములు ప్లాస్టిక్ సంచిలో కట్టుకొని వెళ్లవలెను. దారి మూసుకొనిపోయినచో మిద్దె ఎక్కి 112 నంబరుకు ఫోను చేయవలెను. అధికారులు చెప్పువరకు తిరిగి రాకూడదు.

3. ఒక్కరిని విడువరాదు. పౌలు ఎక్కిన ఓడలో 276 మంది యుండిరి. నావికులు చిన్న పడవలో రహస్యముగా తప్పించుకొన జూచిరి. పౌలు దానిని ఒప్పుకొనలేదు. చివరకు ఈతగాండ్రు ఈది, తక్కినవారు పలకలు పట్టుకొని, అందరును ఒడ్డు చేరిరి. మన వీధిలో మంచము దిగలేని అవ్వ యెవరు? నిండు గర్భిణి యెవరు? ఒంటరి విధవరాలు ఎవరు? వానకాలమునకు ముందే సంఘపెద్దలు వారి పేర్లు వ్రాసికొని, ఒక్కొక్కరికి ఇద్దరు యౌవనస్థులను నియమింపవలెను. గుడి గాని బడి గాని మెరకమీద ఉన్నయెడల దాని తలుపులు ఏ కులము, ఏ మతము అని అడుగక అందరికిని తెరువవలెను. వాన నీతిమంతులమీదను అనీతిమంతులమీదను కురియునని ప్రభువే చెప్పెను గదా.

ఆలోచించుటకు: నీరు వచ్చిన రాత్రి నేను ఎవరి చెయ్యి పట్టుకొందును? నా చెయ్యి పట్టుకొనువానితో తడవు చేయక వెళ్లుదునా?

ప్రార్థన: ప్రభువా, బయలుదేరుటకు మాకు తెలివిని, ఎవరినైన విడిచిపోని ప్రేమను దయచేయుము. ఆమేన్.