వియ్యాలవారి హోటల్‌కి దారి

చిరంజీవి అమ్మడికి,



నిన్న నువ్వడిగిన దానికి ఫోన్లోనే జవాబు చెప్పేద్దామనుకున్నాను గానీ, రూట్ల సంగతి నోటితో చెబితే సగం గాలికి పోతుంది. కాగితం మీద ఉంటే మీ ఆయన కూడా చూసుకుంటాడు. ఆర్టీసీలో ఉద్యోగమంతా బస్సుల వేళలు వేయడంతోనే గడిచింది కదా, ఈ ఒక్క విషయంలో మాత్రం మీకు సలహా చెప్పే అర్హత నాకుందనుకుంటాను.

మీరు, మీ అమ్మా నాన్నా పాప్ సెంచురీ హోటల్లో దిగుతున్నారు. మీ ఆడపడుచు వాళ్ళు మీ అత్తగారినీ మామగారినీ తీసుకుని పాలినేషియన్‌లో దిగుతున్నారు. "రెండూ డిస్నీ వాళ్ళవే కదా పెదనాన్నా, మధ్యలో బస్సు ఉంటుందిగా" అన్నావు. లేదమ్మా. డిస్నీ వరల్డ్‌లో ఏ హోటల్ నుంచైనా నాలుగు పార్కులకీ, డిస్నీ స్ప్రింగ్స్ బజారుకీ ఏదో ఒక బండి దొరుకుతుంది. బస్సో, పడవో, మోనోరైలో, తీగ మీద నడిచే స్కైలైనరో. టికెట్టు కూడా లేదు. కానీ ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కి తిన్నగా వెళ్ళే బస్సు మాత్రం దాదాపు ఉండదు.

దీనికి వాళ్ళని తప్పు పట్టకు. హోటళ్ళు పాతిక అనుకో. ప్రతి హోటల్నీ మిగతా అన్నిటితో కలపాలంటే మూడు వందల జతలవుతాయి. అన్ని రూట్లు నడిపితే బస్సులో డ్రైవరు తప్ప మనిషి కనపడడు. ఏ డిపో మేనేజరైనా మొదటి వారమే ఎత్తేస్తాడు. ఉయ్యూరు మనిషి మైలవరం పోవాలంటే విజయవాడ బస్టాండులో దిగి బస్సు మారినట్టే, అక్కడ కూడా ఏదో ఒక పార్కు గేటు దగ్గరకొచ్చి మారాల్సిందే. ఈ ఒక్క ముక్క బుర్రలో పెట్టుకుంటే మిగతాదంతా దానంతటదే తెలుస్తుంది.

డిస్నీ వరల్డ్ స్థలం ఎంతుందో మీ నాన్నకి ముందే చెప్పు. సుమారు 25 వేల ఎకరాలు. నడిచి పోదాం పద అంటాడు వాడు, అందుకు చెబుతున్నాను. 1971 అక్టోబరులో తెరిచినప్పుడు పార్కు ఒక్కటే, మ్యాజిక్ కింగ్‌డమ్. దాని ముందు తవ్వించిన సరస్సు చుట్టూ కంటెంపరరీ, పాలినేషియన్ హోటళ్ళు, వాటన్నిటినీ చుట్టి వచ్చే మోనోరైలు. ముచ్చటగా సరిపోయింది. 1982లో ఎప్‌కాట్ వచ్చినప్పుడు మోనోరైలుని అక్కడిదాకా పొడిగించారు. 1989లో ఇప్పటి హాలీవుడ్ స్టూడియోస్, 1998లో యానిమల్ కింగ్‌డమ్ వచ్చాయి. వాటికి మాత్రం రైలు లేదు. వాల్ట్ డిస్నీ బతికుండగా అనుకున్నది వేరు. అక్కడ నిజంగానే జనం కాపురముండే ఒక ఊరు కట్టి, దూరాలకి మోనోరైలు, దగ్గరికి ఆగకుండా నడిచే చిన్న పెట్టెలు పెట్టి, కార్లని నేల కిందికి పంపేద్దామని ఆయన ఆలోచన. 1966 చివర్లో ఆయన పోయాడు, ఊరూ రాలేదు. ఆ చిన్న పెట్టెలు మాత్రం పీపుల్‌మూవర్ అనే పేరుతో మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఇప్పటికీ తిరుగుతున్నాయి, పిల్లలెక్కే ఆటగా. ఆర్టీసీవాణ్ణి కదా, నాకది చూస్తే కాస్త కష్టంగానే అనిపించింది. అయినా కాళ్ళు నొప్పులు పుట్టినప్పుడు ఎక్కి కూర్చోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. మీ అమ్మని తప్పక ఎక్కించు.

ఇక అసలు సంగతి. మీ అమ్మ సంగతి నాకు తెలుసు. వియ్యపురాలు అదే ఊళ్ళో వేరే హోటల్లో ఉందంటే, వెళ్ళి గదిలో కాసేపు కూర్చుని రాకపోతే ఆవిడకి నిద్ర పట్టదు. మీ అత్తగారు కూడా మర్యాద తెలిసిన మనిషి, తిరుగు రాక తప్పదంటారు. అలా రోజూ ఇటూ అటూ తిరగడం మొదలెడితే పార్కులు చూసినట్టే. ఒక్కసారి, అదీ మీవాళ్ళే వెళ్ళేలా ఖాయం చెయ్యి. పాలినేషియన్‌కి సరస్సు ఒడ్డున ఇసుక ఉంది, అక్కడ కూర్చుంటే అవతల మ్యాజిక్ కింగ్‌డమ్ బాణసంచా కనిపిస్తుంది. రాత్రి నీళ్ళ మీద దీపాల బొమ్మలు వరసగా తేలుతూ వస్తాయి. పార్కులో జనం మధ్య నిలబడి మెడలు సాచనక్కర్లేదు. భోజనానికి అక్కడే టేబుల్ ముందుగా బుక్ చెయ్యండి, శాకాహారమని అప్పుడే రాయించండి. మీ చంటాణ్ణి మాత్రం నీళ్ళ అంచుకి పోనివ్వకండి. ఫ్లోరిడా చెరువుల్లో మొసళ్ళుంటాయి, బోర్డులు ఊరికే పెట్టలేదు.

దారి ఇదీ. పాప్ సెంచురీ ముందు మ్యాజిక్ కింగ్‌డమ్ బస్సెక్కండి. అది పార్కు గేటు పక్కనే దింపుతుంది. లోపలికి పోకుండా రిసార్ట్ మోనోరైలు ఎక్కితే మొదట కంటెంపరరీ, తర్వాత రైళ్ళు మారే టికెట్ సెంటర్, మూడోది పాలినేషియన్. ఆ రైలు ఒకే దిక్కున చుట్టు తిరుగుతుంది. పాలినేషియన్ తర్వాత గ్రాండ్ ఫ్లొరిడియన్, ఆ తర్వాత మళ్ళీ మ్యాజిక్ కింగ్‌డమ్. అంటే వెళ్ళేటప్పుడు మూడో స్టేషను, వచ్చేటప్పుడు రెండో స్టేషను. కంటెంపరరీలో రైలు హోటల్ కడుపులోంచే దూరిపోతుంది, మీ నాన్నని కిటికీ పక్కన కూర్చోబెట్టు. ఆ హోటల్ దగ్గరే ఇంకో వింత ఉంది: రోడ్డు కింద, కాలువ పైన. బస్సులు పోతుంటే నెత్తి మీద పడవలు పోతాయి. నేను దాన్ని చూసినంతసేపు మ్యాజిక్ కింగ్‌డమ్ కోటనైనా చూడలేదని మీ అక్క ఇప్పటికీ నవ్వుతుంది.

మోనోరైలు దగ్గర వరస పెద్దదిగా ఉంటే పార్కు ముందు రేవులో పడవ కూడా ఉంటుంది, గ్రాండ్ ఫ్లొరిడియన్‌కీ పాలినేషియన్‌కీ. డిస్నీ స్ప్రింగ్స్ దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి పాలినేషియన్‌కి ఇంకో బస్సు అనే దారి కూడా ఉందిగానీ అది సాయంత్రం అక్కడ షాపింగ్ చేసుకున్న రోజుకి. ఊరికే వెళ్ళడానికైతే చుట్టు. ఇంకోటి గుర్తుపెట్టుకో. పగటిపూట స్ప్రింగ్స్‌కీ పార్కులకీ మధ్య బస్సులు నడపరు. స్ప్రింగ్స్‌లో కారు ఊరికే నిలుపుకోవచ్చు, పార్కుల్లో డబ్బు కట్టాలి. ఇక్కడ కారు పెట్టి అక్కడికి బస్సెక్కి పోతారని భయమని నా లెక్క. వాళ్ళ కుర్చీలో నేనున్నా అదే చేస్తాను.

ఎప్‌కాట్ రోజు జాగ్రత్త. ఆ పార్కుకి గేట్లు రెండు, ఒకదానికొకటి చాలా దూరం. మీ ఆడపడుచు వాళ్ళు పాలినేషియన్ నుంచి టికెట్ సెంటర్ దాకా నాలుగడుగులు నడిచి అక్కడ ఎప్‌కాట్ మోనోరైలు ఎక్కుతారు, అది పెద్ద గోళం ఉన్న ముందు గేటు దగ్గర దింపుతుంది. మీరు పాప్ సెంచురీ దగ్గరే స్కైలైనర్ ఎక్కి, కరీబియన్ బీచ్ స్టేషన్లో మారి, రివియేరా మీదుగా వెనక గేటులో దిగుతారు. "గేటు దగ్గరున్నాం" అని ఇద్దరూ ఫోన్లో చెప్పుకుంటూ ఎండలో వెతుక్కుంటారు. కలిసేది గోళం కింద అని ముందే అనుకోండి. నడవలేనివాళ్ళున్నది మీ వైపా వాళ్ళ వైపా అన్నది చూసుకుని, అటువైపు గేటుకి దగ్గరగా మార్చుకున్నా సరే. సాయంత్రం అందరూ ముందు గేటులోంచి బయటపడితే ఒకే మోనోరైల్లో పాలినేషియన్ చేరొచ్చు. కాబట్టి మీ అమ్మ చెయ్యాలన్న మర్యాద ఆ సాయంత్రమే పెట్టుకుంటే ఇంకా తేలిక. టికెట్ సెంటర్ నుంచి హోటల్ నడకదూరమే.

స్కైలైనర్ గురించి ఒక మాట. 2019 సెప్టెంబరు చివర్లో మొదలైంది. డబ్బా వెంట డబ్బా వస్తూనే ఉంటుంది, ఒక్కోదాన్లో పదిమంది దాకా పడతారు. కంట్రోలర్లకి తలనొప్పి లేని బండి అంటే అదే. వేళలు లేవు, బస్సు తప్పిపోయిందన్న గొడవ లేదు. చంటాడి బండి మడవక్కర్లేదు కూడా, బస్సులో అయితే మడవాలి. డబ్బా కదులుతుండగానే ఎక్కాలి, కానీ మోకాళ్ళు బాగాలేని వాళ్ళకీ చక్రాల కుర్చీలకీ పక్కన ఆపి ఎక్కించే చోటుంది. అడగడానికి మొహమాటపడొద్దు. మీ మామగారు అడగరు, నువ్వే అడుగు. ఏసీ ఉండదు, గాలి మాత్రం ఆడుతుంది. కానీ మీరు వెళ్ళేది జూన్‌లో. ఫ్లోరిడాలో ఆ నెలల్లో మధ్యాహ్నం దాటితే ఉరుములూ మెరుపులూ దాదాపు రోజూ ఉంటాయి, పిడుగు భయం ఉన్నప్పుడు తీగ ఆపేస్తారు. అలాంటప్పుడు వాళ్ళు బస్సులు వేస్తారు. జనమంతా ఒక్కసారి బస్సుల మీద పడితే ఎలా ఉంటుందో సంక్రాంతికి మన బస్టాండు చూసినదానివి, నేను చెప్పాలా? మబ్బు కమ్మగానే బయల్దేరండి, లేదంటే వాన వెలిసేదాకా పార్కులోనే కూర్చోండి.

మీ అత్తగారు యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ చూడాలంటున్నారన్నావు. చూడాల్సిందే. ఆ హోటల్ పెరట్లో జిరాఫీలు తిరుగుతుంటాయి. సనా అని ఒక రెస్టారెంటు ఉంది, నాన్ రొట్టెలు, పచ్చళ్ళ లాంటివి రకరకాల గిన్నెల్లో పెడతారు. మావిడికాయ ఆవకాయ అని ఆశపడకండి గానీ, నాలుగు రోజులు ఫ్రెంచ్ ఫ్రైస్ తిన్న నోటికి అమృతమే. చిక్కేమిటంటే ఆ హోటల్ ఓ మూలనుంది. రైలు లేదు, పడవ లేదు, తీగ లేదు. బస్సొక్కటే. అందుకని యానిమల్ కింగ్‌డమ్ పార్కు చూసే రోజు మధ్యాహ్నం భోజనం అక్కడ పెట్టుకోండి. పార్కు గేటు నుంచి లాడ్జ్ బస్సు, పది నిమిషాల పని. సనా కిడానీ విలేజ్ అనే రెండో భవనంలో ఉంది, బస్సు ముందుగా జాంబో హౌస్ అనే మొదటి భవనం దగ్గర ఆగితే కంగారుపడి దిగొద్దు. పగలైతే కిటికీలోంచి జంతువులు కూడా కనపడతాయి. రాత్రి భోజనానికి మాత్రం వద్దు. ఆ పార్కు మిగతావాటికంటే తొందరగా మూసేస్తారు, తర్వాత అక్కణ్ణుంచి మీ హోటల్‌కి రెండు బస్సులు మారి చేరేసరికి చంటాడు భుజం మీద నిద్రపోతుంటాడు.

రాత్రి తిరుగు ప్రయాణాల్లో నా సలహా ఒక్కటే: పెద్దవాళ్ళున్న రోజున రెండు మార్పులు పెట్టుకోకు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో బాణసంచా అయిపోగానే వేలమంది ఒకేసారి గేటు వైపు వస్తారు. మీరు ఓ అరగంట మెయిన్ స్ట్రీట్‌లో ఐస్‌క్రీం తింటూ కూర్చోండి, బస్సులు పార్కు మూశాక కూడా చాలాసేపు నడుస్తాయి. పాలినేషియన్ నుంచి వచ్చే రాత్రి మాత్రం బస్సుల జోలికే పోకండి, ట్యాక్సీ పిలవండి. మిన్నీ వ్యాన్ అని ఎర్రరంగు మీద తెల్ల చుక్కల బండ్లున్నాయి, లిఫ్ట్ అనే ట్యాక్సీ యాప్‌లోనే దొరుకుతాయి, పిల్లల సీటు వాళ్ళ దగ్గరే ఉంటుంది. రేటు మామూలు వాటికంటే బాగా ఎక్కువ. మీ నాన్న రూపాయల్లోకి మార్చి లెక్కేసేలోపు ఎక్కించేయ్.

మీ ఆయన కారు అద్దెకు తీసుకుందామంటున్నాడట. వద్దని నేననను, హోటల్లో ఉండేవాళ్ళకి ఇప్పుడు పార్కింగు డబ్బు లేదు. యానిమల్ కింగ్‌డమ్‌కీ, హోటళ్ళ మధ్య తిరగడానికీ కారే మేలు, వేరే హోటల్‌కి వెళ్తే గేటు దగ్గర గార్డుకి మీ టేబుల్ బుకింగు చూపిస్తే చాలు. కానీ మ్యాజిక్ కింగ్‌డమ్‌కి కారులో పోతే టికెట్ సెంటర్ దగ్గరే ఆపాలి, అక్కణ్ణుంచి సరస్సు దాటాలి, పెద్ద పడవలోనో మోనోరైల్లోనో. హోటల్ బస్సు మాత్రం తిన్నగా గేటుకే పోతుంది. అంత డబ్బు పోసి కారు తెచ్చుకున్నవాడు బస్సువాడి వెనక పడే చోటు ప్రపంచంలో నాకు తెలిసి అదొక్కటే, నాకు మహా సంతోషమేసింది.

ఆర్లాండో విమానాశ్రయం నుంచి హోటల్‌కి ఒకప్పుడు డిస్నీ వాళ్ళు ఉచితంగా బస్సు పంపేవారు. 2022 మొదట్లో ఆపేశారు. మీ అక్క పాత సంగతే చెబుతుంది, నమ్మకు. దూరం సుమారు ఇరవై మైళ్ళు. మీరు డల్లాస్ నుంచి, వాళ్ళు న్యూజెర్సీ నుంచి వస్తున్నారు కాబట్టి ఒకరికోసం ఒకరు కాచుకోకుండా ఎవరి బండి వాళ్ళు ముందే మాట్లాడుకోండి. ఏ రోజు ఏ పార్కో ఖాయం చేశాక నాకు వాట్సాప్‌లో పంపు, ఎక్కడ మారాలో రోజువారీ చార్టు వేసి పంపిస్తాను. మీ నాన్న బీపీ మాత్రలు చేతి సంచీలో పెట్టమని మీ అమ్మకి చెప్పు.

మీ పెదనాన్న,
విజయవాడ