సందేహాలు – సమాధానాలు: యాసిడ్ తగిలే చోట ప్రెజర్ మీటర్

ప్రశ్న: మిర్చికి డ్రిప్ పెట్టాను. పైపుల్లో ఉప్పు పేరుకున్నప్పుడల్లా యాసిడ్ పట్టిస్తుంటాను. ఇప్పుడు మోటారు ఆపినా మీటర్ ముల్లు అర కిలో దగ్గరే ఆగిపోతోంది. ఇత్తడిది తీసేసి స్టీలుది కొంటే సరిపోతుందా?
– ఒక రైతు, కొడకండ్ల

జవాబు: సరిపోదు. మీటర్ లోపల కొడవలిలా వంగిన సన్నని గొట్టం ఉంటుంది. 1849లో ఫ్రాన్సులో యూజీన్ బోర్డాన్ పేటెంట్ పొందిన ఏర్పాటు ఇది. ఒత్తిడికి ఆ గొట్టం విచ్చుకోబోతుంది, ఆ కదలికే ముల్లును తిప్పుతుంది. గొట్టం రెండో కొస మూసి ఉంటుంది. అందుకే పైపులు ఎంత కడిగినా అందులో చేరిన యాసిడ్ అక్కడే నిలిచి లోహాన్ని తినేస్తుంది. హైడ్రోక్లోరిక్ యాసిడ్ 316 రకం స్టీలును కూడా వదలదు. అమ్మోనియా ఉన్న ఎరువుల నీళ్లు ఇత్తడికి పడవు.

మీ మీటర్ పాడైంది, మార్చండి. కొత్తదాని కింద చిన్న ప్లాస్టిక్ వాల్వు బిగించండి. యాసిడ్ పట్టించే ముందు దాన్ని కట్టేసి, పైపులు శుభ్రంగా కడిగాకే తెరవండి. నీళ్లలో యాసిడ్ పోయాలి గానీ, యాసిడ్‌లో నీళ్లు ఎన్నడూ పోయకండి.

ఫిల్టరుకు ముందూ తర్వాతా ఉన్న మీటర్ల తేడా అర కిలో దాటితే ఫిల్టరు కడగాలి. మీటర్ తప్పు చూపిస్తే ఫిల్టరు మూసుకుపోయిన సంగతి తెలియదు, చివరి సాళ్లకు నీళ్లందవు.

ప్రశ్న: ప్లాంటులో కొన్ని మీటర్ల అద్దం వెనక నూనెలాంటిది ఉంటుంది. అది యాసిడ్ నుంచి కాపాడుతుందా?
– ఒక కార్మికుడు, భూపాలపల్లి

జవాబు: లేదు. అది గ్లిజరిన్. పంపుల అదురుకు ముల్లు కొట్టుకోకుండా, పళ్లచక్రాలు అరగకుండా చూస్తుంది. కింది నుంచి గొట్టంలోకి వచ్చే యాసిడ్‌ను ఆపలేదు. మీ దగ్గరి 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ వంటి కేంద్రాల్లో బాయిలర్ నీటిని శుద్ధి చేసే రెసిన్లను హైడ్రోక్లోరిక్ యాసిడ్, కాస్టిక్ సోడాలతో కడుగుతారు. అలాంటి లైన్లకు టెఫ్లాన్ పొర అడ్డుగా ఉన్న మీటర్ కావాలి. యాసిడ్ పొర దగ్గరే ఆగిపోతుంది, ఒత్తిడి మాత్రమే లోపలి నూనె ద్వారా గొట్టానికి అందుతుంది.

ప్రశ్న: మిల్లు బాయిలర్ 7 కిలోల మీద నడుస్తుంది. ఎంత స్కేలు మీటర్ కొనాలి?
– ఒక మిల్లు ఆపరేటర్, మహబూబాబాద్

జవాబు: రెట్టింపు, అంటే 14 కిలోలకు దగ్గర్లో దొరికేది. ఆవిరి నేరుగా తగలకుండా మెలిక తిరిగిన సైఫన్ గొట్టం బిగించి, ముందే నీళ్లు నింపండి.

పాఠకులందరికీ ఒక మనవి: ఒత్తిడి పూర్తిగా దిగాక కూడా ముల్లు సున్నాకు రాకపోతే, ఆ మీటర్‌ను నమ్మి ఇంకొక్క రోజు కూడా పని నడపకండి.