బాక్స్ పొడుగు, బాక్స్‌ఎన్ పొట్టి

పటాన్‌చెరు

బిడ్డా,

లెగో ఇటుకలతో గూడ్స్ వ్యాగన్ కడతానన్నావు, ఏ ఇటుకతో మొదలుపెట్టాలని అడిగావు. ఇటుకల జోలికి ఇప్పుడే పోకు. ముందు స్కేలు తేల్చుకో.

లెగో పట్టాల మధ్య దూరం సుమారు 37.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్ 1676. భాగిస్తే 45కి కాస్త అటూ ఇటూ వస్తుంది. అమెరికా వాళ్ల గేజ్ 1435 కాబట్టి వాళ్లకు 38 పడుతుంది. లెక్క తప్పకుండా కడితే వాళ్ల వ్యాగన్ మరీ లావెక్కుతుంది, మనది అంత లావు కాదు. 1874లో వాడి, సికింద్రాబాద్ మధ్య నిజాం హయాంలో పడ్డ బ్రాడ్‌గేజ్ లైను నీకిట్లా అక్కరకొచ్చింది.

మీ సంగారెడ్డికి రైలు లేదు కాబట్టి ఆదివారం లింగంపల్లి రా. ప్లాట్‌ఫాం మీద నుంచే చూడు, పట్టాల దగ్గరికి దిగకు. పైన మూత లేని బొగ్గు వ్యాగన్ కనిపిస్తే అది చాలావరకు బాక్స్‌ఎన్ రకమే, 1980లలో వచ్చింది. దాని ముందుతరం బాక్స్, 1960లది, వాక్యూం బ్రేకుది. బాక్స్ పొడవు సుమారు 13.7 మీటర్లు, బాక్స్‌ఎన్‌ది 10.7. కొత్తది పొట్టిదెందుకైంది? స్టేషన్లలో గూడ్స్ ఆగే లూప్ లైను పొడవు మారదు. 58 బాక్స్‌ఎన్‌లు పట్టే చోట బాక్స్‌లు 45 మాత్రమే పడతాయి. పొడవు తగ్గించి, గోడలు ఎత్తు చేసి, ఒక్కో రైలుకు ఎక్కువ బొగ్గెక్కించారు. అందుకే రెండూ కట్టు. నీ స్కేలులో, ఇటుక మీది బొడిపెల లెక్కన, బాక్స్ 38 బొడిపెలు, బాక్స్‌ఎన్ 30, కప్లింగులతో కలిపి. పక్కపక్కన పెడితే ఎవరూ చెప్పకుండానే తేడా తెలిసిపోతుంది.

వెడల్పు లెక్కకు 9 బొడిపెలు రావాలి. నువ్వు 8 పెట్టు. బేసి సంఖ్యయితే చక్రాల బోగీ తిరిగే పిన్నును నడిమధ్యకు తేవడానికి జంపర్ ముక్కలతో తంటాలు పడాలి; ఆ ఒక్క బొడిపె కోసం అంత అవస్థ అక్కర్లేదు.

బాక్స్‌ఎన్ బోగీ పిన్నుల మధ్య 18 బొడిపెలు వదులు. మామూలు లెగో వంపులో వ్యాగన్ నడుము దాదాపు ఒక బొడిపె లోపలికి జరుగుతుంది. వంపు లోపలివైపు స్తంభమో ప్లాట్‌ఫామో పెడితే ఆ మేర ఎడం ఉంచు. లెగో కప్లింగుకు రెండు పక్కలా బఫర్లుంటాయి, బాక్స్‌ఎన్‌కు ఉండవు. మధ్య కప్లరొక్కటే. ఆ బఫర్లను ఎట్లా దాచాలో నువ్వే ఆలోచించు.

ఇంకో మాట, మా షెడ్డులో ప్లాస్టిక్ మోల్డింగ్ చేసేవాడిగా చెబుతున్నా. ఇటుకలు పోసే ఏబీఎస్ ప్లాస్టిక్ చల్లారేటప్పుడు కొంచెం కుంచించుకుపోతుంది, దాన్ని లెక్కేసే అచ్చు కోస్తారు. కంపెనీ మారితే ఆ లెక్కా మారుతుంది. సంతలో దొరికే చవక ఇటుకలు గోడలకు సరిపోతాయేమో గాని, అడుగు ఫ్రేముకు వాడకు. కొలత కుదరక పట్టు వదులై, బరువుకు నడుమ వంగిపోతుంది.

ముందు బాక్స్‌ఎన్ ఫ్రేమ్ కట్టి ఫోటో పంపు. తిరగేసి, బోగీ పిన్ను స్పష్టంగా కనబడేలా తియ్యి.

మీ పెద్దనాయన