పాత కారు – కొత్త హుషారు

వెనుక తలుపు పైకి తెరుచుకునే చిన్న కారును హాచ్‌బాక్ అంటారు. మనకు బాగా తెలిసిన హాచ్‌బాక్ మారుతి 800. ఇది 1983 డిసెంబరులో రోడ్డెక్కింది. 2014లో దీని తయారీ ఆగిపోయింది. అయినా కొందరు దీన్ని ముచ్చటపడి ఉంచుకుంటున్నారు. ఇంకా హుషారుగా నడవాలని టైర్లు, స్ప్రింగులు, ఇంజను భాగాలు మార్చాలనుకుంటారు. మారిస్తే ఏమవుతుంది? మీ పాఠాల్లోని సూత్రాలతోనే పరిశీలిద్దాం.

బరువు సంగతి

ఈ కారు బరువు సుమారు 650 కిలోలు. 60 కిలోల మనిషి ఒక్కరే ఎక్కితే మొత్తం 710 కిలోలు. అలాంటివారు నలుగురు ఎక్కితే 890 కిలోలు. బలం = ద్రవ్యరాశి × త్వరణం అని న్యూటన్ రెండవ సూత్రం కదా! 890ని 710తో భాగిస్తే సుమారు 1.25 వస్తుంది. అంటే అదే త్వరణం రావాలంటే పావువంతు ఎక్కువ బలం కావాలి. కాబట్టి డిక్కీలోని పనికిరాని సామాను దించేయడమే పైసా ఖర్చులేని మొదటి మార్పు! తేలికైన కారు తక్కువ వేగంలో కూడా చురుకుగా కదులుతుంది, చురుకుగా మలుపు తిరుగుతుంది. నడిపేవారికి ఆనందం అక్కడే ఉంది.

పెద్ద టైరు వేస్తే?

టైరు వ్యాసం 10 శాతం పెరిగిందనుకోండి. చుట్టుకొలత కూడా 10 శాతం పెరుగుతుంది. స్పీడోమీటరు లెక్కించేది చుట్లనే. అది గంటకు 50 కిలోమీటర్లు చూపినప్పుడు కారు నిజంగా 55 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది! పైగా వ్యాసార్థం పెరిగినందువల్ల రోడ్డుమీద చక్రం చూపే బలం సుమారు 9 శాతం తగ్గుతుంది. హుషారు కోసం చేసిన మార్పు వల్ల హుషారే తగ్గిందన్నమాట.

స్ప్రింగులు కోస్తే?

కారు ఎత్తు తగ్గితే గరిమనాభి కిందికి దిగుతుంది. మలుపుల్లో కారు పక్కకు ఒరగడం తగ్గుతుంది. ఇది లాభమే. కానీ కోసిన స్ప్రింగు గట్టిబడుతుంది, అది కుంగడానికి చోటూ తగ్గుతుంది. గతుకుల్లో చక్రం నేలను వదిలి ఎగిరితే ఘర్షణ ఉండదు. ఘర్షణ లేనిదే బ్రేకూ పనిచేయదు, స్టీరింగూ పనిచేయదు.

ఇంజను శక్తి పెంచితే?

గతిజశక్తి వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం 40 నుంచి 60కి పెరిగితే, అంటే ఒకటిన్నర రెట్లయితే, గతిజశక్తి 2.25 రెట్లవుతుంది. దాన్నంతా వేడిగా మార్చవలసింది ఆ పాత బ్రేకులే! ఒక్క భాగాన్ని మారిస్తే దాని భారం మరో భాగం మీద పడుతుందని గుర్తుంచుకోండి.

యజమాని అంటే ఎవరు?

డబ్బిచ్చి కొన్నంత మాత్రాన కారును ఇష్టం వచ్చినట్లు మార్చేయడానికి వీల్లేదు. తయారీదారు నిర్ణయించిన, రిజిస్ట్రేషను పత్రంలో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. ఎందుకంటే కారు మనదే అయినా, దాని ముందు రోడ్డు దాటే పిల్లవాడు కూడా దాని బ్రేకుల మీదనే ఆధారపడి ఉన్నాడు. అరిగిన బ్రేకు ప్యాడ్లు, నీరసించిన షాక్ అబ్జార్బర్లు, పాతబడిన టైర్లు తీసి, సరైన కొలతలో కొత్తవి వేయించి చూడండి. పాత కారు ఎంత హుషారవుతుందో తెలుస్తుంది! తన యంత్రంలో ఏది ఎందుకు ఉందో తెలుసుకుని, దాని మంచిచెడ్డలకు జవాబుదారీగా నిలిచేవాడే అసలైన యజమాని.

చేసి చూడండి

మీ సైకిలు టైర్లలో గాలి కొంచెం తగ్గించండి. చదునైన నేలమీద ఒకే వేగంతో వచ్చి, ఒక గీత దగ్గర తొక్కడం ఆపండి. ఎంత దూరం పోయిందో కొలవండి. తగినంత గాలి కొట్టి మళ్ళీ కొలవండి. తేడా ఎందుకు వచ్చింది?

ఆలోచించండి

టైరు వ్యాసం 5 శాతం తగ్గితే, స్పీడోమీటరు 60 చూపినప్పుడు కారు నిజ వేగమెంత?