బక్కగా ఉన్నాను... బరువులు ఎత్తొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 17 ఏళ్లు. హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ చదువుతున్నాను. ఎత్తు 174 సెంటీమీటర్లు, బరువు 52 కిలోలు. ఎంత తిన్నా ఒంటికి పట్టదు. క్లాసులో అందరూ ‘అగ్గిపుల్ల’ అంటారు. ఎండాకాలంలో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కానే వేసుకుంటాను. జిమ్‌లో చేరతానంటే, ఈ వయసులో బరువులెత్తితే ఎత్తు ఆగిపోతుందని నాన్న వద్దంటున్నారు. జిమ్ కోచ్ ఏమో మాస్ గెయినర్ డబ్బా కొంటే మూడు నెలల్లో కండలొస్తాయంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: బాబూ, ముందు మీ నాన్నగారి సందేహం తీరుద్దాం. బరువులెత్తితే ఎత్తు ఆగిపోతుందన్నది మన ఇళ్లలో పాతుకుపోయిన భయం. అది నిజం కాదు. ఎముకల చివర్లలో ఉండే మృదులాస్థి పొరల వల్ల మనం ఎత్తు పెరుగుతాం. తెలిసినవాళ్లు పక్కనుండి నేర్పిస్తే, పద్ధతిగా చేసే వ్యాయామం వాటినేమీ చేయదు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కూడా ఇదే మాట చెబుతోంది. స్నేహితుడితో పందెం కట్టి, మోయలేని బరువును ఒక్క ఊపున లేపబోయినప్పుడే దెబ్బలు తగులుతాయి. మరి వెయిట్‌లిఫ్టర్లు పొట్టిగా ఉంటారేం అని నాన్నగారు అడగొచ్చు. పొట్టివాళ్లు బరువును లేపాల్సిన దూరం తక్కువ కాబట్టి ఆ ఆటలో వాళ్లు బాగా రాణిస్తారు. అంతేగానీ ఆట వల్ల పొట్టిగా అయిపోరు. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన కరణం మల్లీశ్వరి 12 ఏళ్ల వయసులోనే బరువులు పట్టారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు విభాగాల్లో కలిపి 240 కిలోలెత్తి కాంస్య పతకం తెచ్చారు.

ఇక నీ సంగతి. నీ బీఎంఐ 17 పైచిలుకు వస్తోంది. 18.5 ఉండాలన్న లెక్క పెద్దవాళ్లది. నీ వయసు పిల్లలకు వేరే పట్టికలున్నాయి. వాటి ప్రకారం నువ్వు సన్నగా ఉన్నావు, అంతే. మగపిల్లలు ముందు నిలువునా సాగుతారు, కండ పట్టడం ఆ తర్వాతే. అయినా మొదలుపెట్టే ముందు ఒకసారి డాక్టరుకు చూపించుకో. హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్ పరీక్షలు చాలు. నులిపురుగుల మాత్ర ఈమధ్య వేసుకోకపోతే అదీ అడుగు. ఉన్న బరువు తగ్గిపోతున్నా, దాహం ఎక్కువై మూత్రానికి పదేపదే వెళ్లాల్సి వస్తున్నా, రెండు వారాలు దాటి దగ్గు, సాయంత్రాలు జ్వరం ఉంటున్నా వ్యాయామం సంగతి పక్కనపెట్టి ముందు ఆస్పత్రికి వెళ్లు.

పొడవుగా, సన్నగా ఉండే పిల్లల్లో నేను తప్పకుండా చూసేది ఇంకొకటుంది. రెండు చేతులూ బారచాపితే ఆ పొడవు ఎత్తు కంటే బాగా ఎక్కువ రావడం, వేళ్లు మరీ సన్నగా సాగి ఉండడం, ఛాతీ ఎముక లోపలికి నొక్కుకుపోయినట్టు ఉండడం, కళ్లద్దాల నంబరు పెద్దది కావడం. ఇవన్నీ కలిసి ఉంటే అది మార్ఫాన్ సిండ్రోమ్ కావచ్చు. అందులో గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం బలహీనంగా ఉంటుంది. అరుదైన సమస్యే, కానీ అలాంటివాళ్లు గుండెకు ఎకో పరీక్ష చేయించుకోకుండా బరువుల జోలికి పోకూడదు.

అంతా బాగుందనుకుంటే హాస్టల్ గదిలోనే మొదలుపెట్టొచ్చు. మెటీరియల్ పుస్తకాలు నీ దగ్గర కావలసినన్ని ఉంటాయి. బ్యాగులో ఐదారు కిలోలు సర్దు. కాళ్లు భుజాలంత ఎడంగా పెట్టి, బ్యాగును గుండెలకు హత్తుకుని, పిరుదులు వెనక్కి తోస్తూ కుర్చీలో కూర్చోబోతున్నట్టు కిందికి దిగు. మడమలు నేలను వదలకూడదు, వెన్ను గుండ్రంగా వంగకూడదు. దిగేటప్పుడు గాలి పీల్చు, లేచేటప్పుడు వదులు. ఊపిరి బిగబట్టొద్దు. పన్నెండు సార్లు చేశాక ఇంకో రెండు మూడు చేయగలననిపిస్తే ఆ బరువు నీకు సరిపోయినట్టే. నిమిషంన్నర ఆగి మళ్లీ చెయ్యి. ఇలా మూడు విడతలు. తర్వాత దండీలు. పూర్తిగా రాకపోతే చేతులు మంచం అంచు మీద పెట్టి తియ్యి. ఆ పైన, ముందుకు వంగి అదే బ్యాగును పొట్ట దగ్గరికి లాగడం. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విశ్రాంతి ఇచ్చి చేస్తే చాలు. పన్నెండూ సునాయాసంగా వస్తున్నప్పుడు ఇంకో పుస్తకం కలుపు. జిమ్‌లో చేరినా పద్ధతి ఇదే. మొదటి రోజే బెంచ్ మీద పడుకోబెట్టి పెద్ద బరువు చేతికిచ్చే కోచ్ దగ్గర మాత్రం చేరకు.

ఒక చిన్న నోటుబుక్కులో తేదీ, బరువు, ఎన్నిసార్లు చేశావో రాసుకో. ఎందుకంటే మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు అద్దంలో పెద్దగా తేడా కనిపించదు, బలం మాత్రం పెరుగుతూ ఉంటుంది. ఉన్న కండనే ఇంకా బాగా వాడుకోవడం మెదడు, నరాలు నేర్చుకునే కాలం అది. కండ ఉబ్బేది ఆ తర్వాతే. ఏమీ రావట్లేదని చాలామంది పిల్లలు సరిగ్గా ఇక్కడే మానేసి డబ్బాల వెంట పడతారు.

ఆ డబ్బా సంగతి చూద్దాం. వ్యాయామం చేసే నీలాంటి కుర్రాడికి రోజుకు 65 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ కావాలి. రెండు కోడిగుడ్లలో దాదాపు 12 గ్రాములు, రెండు గ్లాసుల పాలలో 16, గుప్పెడు వేరుశనగ పప్పుల్లో 7 వస్తాయి. రెండు పూటలా గట్టిగా ఉడికిన పప్పు ఒక్కో కప్పు, పెరుగు, మూడు పూటలా తినే అన్నం, టిఫిన్లు కలిపితే మిగతాది దాదాపుగా వచ్చేస్తుంది. హాస్టల్ పప్పు పలచగా ఉంటే సాయంత్రం ఉడికించిన శనగలు తిను. ఆదివారం ఇంటికెళితే పెసరట్టు వేయమని అమ్మను అడుగు. ‘ఎంత తిన్నా’ అన్నావు కదా, మూడు రోజులు తిన్నదంతా రాసి చూడు. పొద్దున క్లాసుకు పరిగెత్తే హడావుడిలో టిఫిన్ మానేసే పిల్లలే ఈ మాట ఎక్కువగా అంటారు. ఇప్పుడు తినేదానికి 300 నుంచి 500 కేలరీలు అదనంగా పడాలి. రెండు అరటిపండ్లు, ఒక గ్లాసు పాలు, ఒక పల్లీ పట్టీతో ఆ లెక్క తీరిపోతుంది. నెలకు కిలో, కిలోన్నర పెరిగితే మంచి వేగమే.

మాస్ గెయినర్లో ఎక్కువ భాగం పిండి పదార్థం, చక్కెరే. నీ డబ్బు దానికి పోయకు. క్రియాటిన్ కూడా 18 నిండేదాకా వద్దు. సూది వేస్తే అలసట తెలియదని ఎవరైనా అంటే అక్కడి నుంచి వచ్చెయ్. మెఫెంటెర్మైన్ ఇంజెక్షన్ ఆపరేషన్ బల్ల మీద పడిపోయిన బీపీని లేపడానికి వాడే మందు. జిమ్‌లలో అమ్ముతూ పట్టుబడుతున్నారు. గుండె లయ తప్పించేస్తుంది. కండల స్టెరాయిడ్లు మరీ ఘోరం. మీ నాన్నగారు భయపడుతున్న ఎత్తు నిజంగా ఆగిపోయేది వాటితోనే. ఎముకల్లోని ఆ పొరలు గడువుకు ముందే మూసుకుపోతాయి, వృషణాలు చిన్నవైపోతాయి, రొమ్ములు పెరుగుతాయి.

నిద్ర విషయంలో మీ కాలేజీల మీద నాకు కోపం ఉంది. నీ వయసుకు 8 నుంచి 10 గంటలు కావాలి. గ్రోత్ హార్మోన్ ఎక్కువగా ఊరేది గాఢనిద్రలోనే. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్లు, తెల్లారి అయిదింటికి లేపడం పిల్లల ఒంటికి చేసే అన్యాయం. కనీసం ఫోన్‌తో గడిపే సమయమైనా నిద్రకివ్వు.

ఇక ‘అగ్గిపుల్ల’ అన్న పేరు సంగతి. నిన్నలా పిలవడం తప్పు, అది వాళ్ల తప్పు. మరీ బాధపెట్టేవాడితో ఒంటరిగా ఉన్నప్పుడు ‘అలా పిలిస్తే నాకు నచ్చదు’ అని సూటిగా చెప్పు. ఆగకపోతే లెక్చరర్‌కు చెప్పు. కండలొచ్చాక ఫొటో దిగుదాం, కండలొచ్చాక పొట్టి చేతుల చొక్కా వేసుకుందాం అని వాయిదా వేయొద్దు. ఈ వారమే వేసుకో. ఛాతీ పెరిగినా ఇంకా బక్కగానే ఉన్నానని రోజంతా కుమిలిపోయే కుర్రాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లకు కావలసింది మనసుకు వైద్యం. అద్దం ముందు గంటలు గడుస్తున్నా, తిండీ చదువూ పాడవుతున్నా 14416కు ఫోన్ చెయ్యి. టెలీ మానస్ ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: మా బాబుకు 19 ఏళ్లు. బరువు పెరగడానికని తెలిసినవాళ్లు మెడికల్ షాపులో ఇప్పించిన మాత్రలు రెండు నెలలుగా వేసుకుంటున్నాడు. ఆకలి బాగా వేస్తోంది, ముఖం గుండ్రంగా నిండింది. ఇప్పుడు ఆపేయించనా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, ఆపాల్సిందే, కానీ మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపించకండి. ఇలాంటి మాత్రల్లో తరచుగా సైప్రోహెప్టడిన్, డెక్సామెథాసోన్ ఉంటాయి. మొదటిది ఆకలి పెంచుతుంది. రెండోది స్టెరాయిడ్, ముఖం ఉబ్బించేది అదే. పెరిగింది నీరు, కొవ్వు. కండ పెరగకపోగా చేతులూ కాళ్లూ ఇంకా సన్నబడతాయి. వారాల తరబడి వాడితే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ ఆగిపోతుంది. అలాంటప్పుడు మాత్ర హఠాత్తుగా మానితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మాత్రల స్ట్రిప్ తీసుకుని రేపే ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. బీపీ, షుగర్, ఉదయం పూట కార్టిసాల్ పరీక్ష చేసి మోతాదు మెల్లగా తగ్గిస్తారు. ఈలోగా వాంతులు, కళ్లు తిరగడం, విపరీతమైన నీరసం కనిపిస్తే ఎమర్జెన్సీకి తీసుకెళ్లి, ఈ మాత్రలు వాడుతున్నాడన్న మాట అందరికంటే ముందు మీరే చెప్పండి. బాబును కోప్పడకండి. దాచడం మొదలుపెడితే మాకు వైద్యం చేయడం కష్టమవుతుంది.