వేలిముద్ర – చట్టం – మన చదువు



మన హాస్టల్ అడ్మిషన్ ఫారం మీద తండ్రి సంతకం ఉండాల్సిన చోట మనలో చాలామంది నాన్నలు బొటనవేలి ముద్ర వేశారు. వారికి అక్షరం అందలేదని ఆ ముద్ర చెప్పేది. నేడు డిగ్రీలు, పీజీలు చదివిన మనం కూడా పోటీ పరీక్షల కేంద్రాల్లో అదే వేలిని యంత్రం మీద పెడుతున్నాం. ఈ చిన్న ముద్రలో సైన్సు, చట్టం, రాజకీయం, చదువు ఎలా కలుస్తున్నాయో తెలుసుకుందాం.

సైన్సు చెప్పేది

వేలి మీది గీతలు తల్లి గర్భంలోనే ఏర్పడతాయి. కవలలకు కూడా ఒకేలా ఉండవు. ఈ గీతలు ఎక్కడ ఆగాయో, ఎక్కడ రెండుగా చీలాయో యంత్రం గుర్తించి అంకెల రూపంలో దాచుకుంటుంది. మళ్లీ వేలు పెట్టినప్పుడు పోల్చి చూస్తుంది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. ముద్రలను వర్గీకరించే పద్ధతి కోసం అక్కడ అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ ఎంతో శ్రమించారు. కానీ ఆ పద్ధతికి వారి పై అధికారి హెన్రీ పేరే స్థిరపడింది.

అశోక్ నగర్ చూసిన పాఠం

నారాయణగూడ చౌరస్తా నుంచి చిక్కడపల్లి మీదుగా అశోక్ నగర్ దాకా నడిస్తే కోచింగ్ సెంటర్లు, జిరాక్సు షాపులు, స్టడీ హాళ్లే. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ దొరకాలంటే పొద్దున్నే వెళ్లాలి. తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్-1 ప్రకటన 2022 ఏప్రిల్ 26న 503 పోస్టులతో వెలువడినప్పుడు ఈ వీధులన్నీ కళకళలాడాయి.

2022 అక్టోబర్ 16న ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాలు కమిషన్ కంప్యూటర్ నుంచే బయటికి పోయాయని తేలడంతో 2023 మార్చి 17న ఆ పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్లీ పెట్టారు. మొదటిసారి తీసుకున్న బయోమెట్రిక్‌ను ఈసారి తీసుకోలేదు. కొందరు అభ్యర్థులు హైకోర్టుకు వెళ్లారు. గుర్తింపు కార్డులు చూశాం కదా అన్నది కమిషన్ వాదన. ప్రకటనలో రాసిన నిబంధనను పాటించి తీరాలన్నది కోర్టు మాట. సెప్టెంబర్ 23న ఏకసభ్య ధర్మాసనం పరీక్షను రద్దు చేసింది, 27న డివిజన్ బెంచ్ ఆ తీర్పును సమర్థించింది. ఆ ఏడాది చివర అసెంబ్లీ ఎన్నికలు. నిరుద్యోగుల ఓట్ల కోసం నాయకులు అశోక్ నగర్ దాకా వచ్చారు. 2024 ఫిబ్రవరి 19న పాత ప్రకటన రద్దయి, 563 పోస్టులతో కొత్తది వచ్చింది. జూన్ 9న జరిగిన ప్రిలిమ్స్‌లో బయోమెట్రిక్ తీసుకున్నారు.

ఎవరికి నష్టం?

నిజాయితీగా రాసినవారి శ్రమ రెండుసార్లు వృథా అయింది. స్థోమత ఉన్నవారు మరో ఏడాది ఆగగలరు. ఊరి నుంచి వచ్చే డబ్బుతో గది అద్దె కట్టేవారికి ఒక ఏడాది అంటే ఒక పంట, ఒక అప్పు, ఇంట్లో ఒక చెల్లెలి చదువు. అయినా కోర్టు చెప్పింది మన మేలుకే అని మేము భావిస్తున్నాం. పలుకుబడి ఉన్నవాడికి నిబంధనతో పనిలేదు. పలుకుబడి లేని మనకు కాగితం మీది నిబంధనే అండ.

అయితే యంత్రాన్నీ గుడ్డిగా నమ్మరాదు. కంప్యూటర్‌కు తాళం వేయాల్సిన మనిషే తాళం తీస్తే ఏ సాంకేతికతా కాపాడలేదు. రాళ్లు మోసి, నాట్లు వేసి గీతలు అరిగిన వేళ్లను యంత్రం చాలాసార్లు గుర్తించదు. అందుకే వేరే దారి కూడా ఉండాలి. ఆధార్ లేదన్న కారణంతో ఏ బిడ్డకూ పథకాల ఫలం నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 26న చెప్పింది. మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ తీర్పును తప్పక గుర్తుంచుకోవాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ప్రకటన రాగానే సిలబస్ పేజీకి పరుగెత్తకండి. ముందు నిబంధనలు మొత్తం చదవండి. అర్థం కాకపోతే సీనియర్లను అడగండి. మన నాన్నలు ఏం రాసి ఉందో తెలియకుండానే ఎన్నో కాగితాల మీద వేలు పెట్టారు. మనం చదివి, తెలుసుకుని వేలు పెడదాం.